ఎవలు సూడని మనువు

ఆమె సచ్చిపోయిందని నాకు బస్సులనే ఎరుకైంది. పత్తి మిల్లుకు పోయే ఆడోళ్లు నలుగురు ఎక్కి, ఎనుక సీట్ల కూసోని ఎవల సావు గురించో మాట్లాడుకుంటున్నరు. నేను టికెట్ మిషన్ పట్టుకొని వాళ్ల కాడికి పోయి, "ఎవలమ్మా పోయింది?" అని ఉత్తగనే అడిగిన. "గా మనోవర్తి కేసామె లేదా అక్కా, నీ బస్సులనే తిరిగేది గద" అన్నది ఒకామె. "ఎప్పుడు?" అంటె, "దినాలు గూడ అయిపాయె" అన్నది. నాకు గంత గుస్స ఎందుకొచ్చిందో తెల్వదు. "దినాం నా బస్సే ఎక్కుతున్నరు గద, ఒక్కరన్న నోరిప్పి చెప్పలేకపోయిండ్రా?" అని కసిరిన. వాళ్లు ఒకల మొఖం ఒకలు సూసుకున్నరు. ఆమె నాకు సుట్టమా పక్కమా, వాళ్లకేం తెలుసు పాపం.

నేను కండక్టర్ను. నిర్మల్ కెల్లి భైంసా మీదుగ బార్డర్ దాటి నాందేడ్ దాక పోయే బస్సు నాది. బస్సు గవర్నమెంటుది గని, పొద్దంత దాంట్లనె బతుకుతున్న గనుక నాదనే అంట. ఎక్కెటోళ్లు ఎక్కుతరు, దిగెటోళ్లు దిగుతరు, అందరి మొఖాలు యాది పెట్టుకుంటె బుర్ర ఖరాబైతది. గని ఈమె మొఖం మరుద్దామన్న మరుపుకు రాదు. ఒక్కనాడన్న నన్ను నిమ్మళంగ డ్యూటీ చెయ్యనిస్తె గద.

ఆమెను సీట్ల కూసోబెట్టుడు ఎవలతోని కాలే. భైంసాల ఎక్కంగనె డ్రైవర్ ఎనుక సీట్ల కూసుండేది. బస్టాండ్ దాటకముందే లేసి కిటికి పక్కకు పోయేది. ఊరు దాటేసరికి తలుపు కాడ రాడ్డు పట్టుకొని నిలవడేది. సన్నగ పొడుగ్గ మనిషి. మిల్లుల పని చేసి చేసి ఎంటికల్ల, చెవులల్ల, చీర కుచ్చిళ్లల్ల పత్తి పోగులు. నిలవడి ఒక్కొక్క పోగు ఏరి కిటికిలకెల్లి బయట పడేస్తుండేది, ఇంకో చేత్తోని ఎవలతోనో చేతులు ఊపుకుంట మాట్లాడుతుండేది. "అక్కా, బ్రేకేస్తె పడుతవు" అంటె, "పడితె లేస్త తియ్యి, పడుడు నాకేం కొత్తనా?" అనేది.

మా డ్రైవర్ భాయ్ భైంసాయినే. అద్దంల ఎనుక బండ్లు కనవడవాయె. "ఆపా, జర బైఠో నా, కూసో అక్కా. అద్దం నిండ నువ్వే ఉన్నవు" అనేటోడు. "నీ అద్దం నువ్వు సూసుకో భాయ్, నా ఫికర్ నీకెందుకు?" అని ఈమె. బస్సంత నవ్వేది. ఆమె మాత్రం నవ్వేది కాదు. మల్ల ఇంకో సీటు కాడికి పోయేది.

మొదాలు మా ఇద్దరికి కొట్లాటనే అయ్యింది. ఆడోళ్లకు ఫ్రీ బస్సు వచ్చిన కొత్తల. ఆధార్ కార్డు సూపించింది, నేను బార్డర్ దాక జీరో టికెట్ ఇచ్చి, ఆడికెల్లి పైసలు కట్టాలె అన్న.

"ఎందుకు కట్టాలె?"

"ఆడికెల్లి మహారాష్ట్ర అక్కా. మన ఫ్రీ మన జాగల్నే."

"అంటే బార్డర్ దాటంగనె నేను మొగోన్ని అయితనా?"

ముంగట సీట్ల ముసలాయిన పొట్ట పట్టుకొని నవ్విండు. నాకు మండింది. మిషన్ల నొక్కి టికెట్ చేతిల పెట్టిన. "వాళ్ల బస్సులల్ల ఆడోళ్లకు సగం టికెట్టేనట, నిజమేనా?" అని అడిగింది. నిజమే అన్న. "ఇటు ఉత్తగ, అటు సగం, నీ బస్సుల పోతె పూరానా! నా కేసు లెక్కనె ఉన్నది గద చెల్లె నీ బస్సు గూడ" అన్నది. గప్పుడు నాకు కేసు ముచ్చట తెల్వదు. నోరున్న మనిషి, జర దూరముంటె మంచిది అనుకున్న.

దూరముండనిస్తదా? మనిషి కనవడితె చాలు, ఏ ఊరని అడిగేది. బార్డర్ ఇవుతల తెలుగుల అడిగేది. చెక్‌పోస్టు దాటంగనె, మాట నడుమల ఉన్నా సరే, మరాఠీకి మారేది. "మీది ఏ ఊరు? గా ఊరికి ఎంత దూరం? గా ఊళ్లె ఫలానా ఇల్లు ఎరుకేనా? గా ఇంట్ల మనువు అయ్యిందంటె ఎవలన్న పోయిండ్రా?" కొందరు చెప్పేది, కొందరు మొఖం చిట్లించేది. ఒకసారి ఒక సారు, చేతిల ఫైలు పట్టుకున్నాయిన, "ఏందమ్మా పోలీసోని లెక్క అడుగుతున్నవు?" అన్నడు. "అడుగుతె ఏం బోతది సారూ, నోరేమన్న అరుగుతదా?" అన్నది. గది ఆమె ఊతపదం. ఎవలేమన్నా గదే జవాబు. ఇప్పుడు మా ఇంట్ల నా బిడ్డ గూడ అంటది, నా నోట్లకెల్లి నేర్చుకొని.

ఆమె ముచ్చట నాకు ఒక్కసారి పూరా తెలిసింది కాదు. రోడ్డు పని నడిచి బస్సు ఆగినప్పుడింత, టైరు పంచరైనప్పుడింత చెప్పింది. మొదటి మొగడు పెండ్లైన కొద్ది దినాలకే జరమొచ్చి పోయిండు. పిల్లల్లేరు. బార్డర్ అవుతలి ఊళ్లె ఒకాయిన, తల్లి పచ్చవాతమొచ్చి మంచంల పడ్డది, సూసెటోళ్లు లేరని మారుమనువు అడిగిండు. చేసుకున్నది. ఆ ముసలమ్మకు ఎత్తిపోసి, కడిగి, తినిపిచ్చి, చేన్ల పనిచేసి, ఏండ్లు గడిపింది. ముసలమ్మ పోయింది. మాసికం గూడ కాలే, "ఇగ నీతోని పనేమున్నది, పో" అన్నడట. చీరలు మూటగట్టుకొని భైంసాకొచ్చి మిల్లుల పడ్డది. రెక్కల కష్టంతోని చిన్న జాగ కొనుక్కొని రేకుల ఇల్లేసుకున్నది. చెల్లెలు ఒకామె ఉన్నది, మొగడు పోయినంక ఆమె గూడ ఈమె కాడికే వచ్చింది.

మనోవర్తికి కేసేసింది. పెండ్లాన్ని ఇడిసిపెట్టినోడు తిండికి పైసలియ్యాలె, గది చట్టం. గని పెండ్లామేనని ముందుగాల తేలాలె గద. గా కాడనే వచ్చింది తిప్పలంత.

మారుమనువంటె బాజా లేదు, పందిరి లేదు, పత్రిక లేదు. పొద్దుగూకినంక ఇంటెనుక దొడ్ల చీర మార్పిచ్చి, గాజులేసి, పుస్తె కట్టి లోపటికి తోలుకపోతరు. ముత్తైదువలు సూడొద్దు. సూస్తె ఆ మొగడు పోయే గీత వాళ్లకు అంటుతదని భయం. ఉన్న పదిమంది గూడ పుస్తె కట్టెటప్పుడు అటు తిరుగుతరు. అవుతల దిక్కు దాన్ని పాట్ అంటరట, ఆడ గూడ గిట్లనే. తెల్లారేదాక కొత్త జంట మొఖం ఎవలు సూడరు. ఆమె దిక్కుకెల్లి పోయినోడు మేనమామ ఒక్కడే, ఆయిన సచ్చిపోయి మస్తు దినాలైంది. చెల్లె గప్పుడు బాలెంతగ అత్తగారింట్ల ఉండె.

కోర్టుల వకీలు అడిగిండట: "ఫోటో ఉన్నదా?" లేదు. "పత్రిక?" లేదు. "సూసినోళ్లు?"

"సూడొద్దని వాళ్లను అటు తిప్పిందే మా పెద్దలు సారూ, ఇప్పుడు సూసినోళ్లను తెమ్మంటె ఏడికెల్లి తేవాలె?" అన్నదట. జడ్జి గూడ నవ్విండని చెప్పింది. చెప్పుకుంట ఒక పత్తి పోగును గంత బలంగ గుంజింది, దానెంబడి చీరె దారమే ఊడివచ్చింది.

ఇగ అప్పటికెల్లి ఆమె కాళ్లకు తీరిక లేదు. సాక్ష్యం చెప్పే మనిషి ఒక్కడు దొరికితె చాలని ఊర్లు తిరుగుడు పెట్టింది. మిల్లుల సీజన్ ఉన్ననాడు పనికి, లేనినాడు నా బస్సుకు. ఎవలో చెప్పిండ్రట, మహారాష్ట్రల పోట్గి కేసు జల్ది తెగుతదని. పోట్గి అంటె వాళ్ల బాసల మనోవర్తే. అవుతలి వకీలు కాడికి పోయింది. "ఈడ వెయ్యి బాయి, పాట్ అంటె ఏందో మా కోర్టులల్ల అందరికి ఎరుకే, అక్కడోళ్లు ఫోటోలడుగుతరు" అన్నడట. ఇవుతలి వకీలేమో, "ఆడేస్తె వాని ఊరు, వాని మనుషులు, వాని బాస. నువ్వున్న కాడ ఏసుకునే హక్కు చట్టమిచ్చింది, ఎందుకు పోగొట్టుకుంటవు?" అన్నడట. ఒకప్పుడైతె మనోవర్తికి ఒక్కో రాష్ట్రంల ఒక్కో హద్దుండేదట, ఇంతకన్న ఎక్కువ ఇయ్యొద్దని. ఇప్పుడు ఆ హద్దు తీసేసిండ్రట, దేశమంత ఒక్కటే చట్టమట. కేసు భైంసాలనె ఉంచింది.

"ఒక్కటేనట చెల్లె! ఒక్కటే అయితె ఇటునుంచి పోయిన నోటీసు బార్డర్ దాటంగనె ఎందుకు తప్పిపోతది? ఆడి పోలీసోడు ఇంటికి తాళమున్నదని రాసి పంపుతడు. ఆ తాళమేసిన ఇంటి ముంగట కూసోని మా ఆయిన బీడి తాగుతుంటె నేను కండ్లార సూసిన."

డ్రైవర్ భాయ్ అందుకున్నడు. "మా దాంట్ల నాన్-నఫ్కా అంటరు ఆపా. పేరు ఏదైతేంది, ఇచ్చెటోనికి మనసుండాలె."

"మనసున్నోడైతె కోర్టెందుకు భాయ్! లేనోని కోసమే గద కోర్టు" అన్నది. భాయ్ హారన్ కొట్టిండు.

ఒకనాడు సంబురంగ ఎక్కింది. ఎంబడి ఒక ముసలమ్మ, గోచి పెట్టి కట్టిన కాష్ట చీర, కట్టెపుల్ల లెక్కున్నది. ఆ ఇడిసిపెట్టినాయిన ఇంటి పక్కిల్లేనట. మారుమనువు నాడు దొడ్లనె ఉన్నదట, కోర్టుల చెప్తనన్నదట. ఈమె ఆగమాగం సూడాలె! ముసలమ్మను కిటికి కాడ కూసోబెట్టింది, గాలి కొడుతదని ఇటు మార్చింది, ఎండ కొడుతదని మల్ల అటు మార్చింది. చాయ తాపిచ్చింది. ముసలమ్మకు టికెట్ కొడుతుంటె, "మంచిగ కొట్టు చెల్లె, ఆమెనె నా పెండ్లి ఫోటో" అన్నది. నాకు గూడ సంతోషమనిపిచ్చింది. గెలుస్తవు పో అక్కా అన్న.

మాపటి ట్రిప్పుల ఇద్దరు మల్ల ఎక్కిండ్రు. ఈమె మొఖం సూసి నేను అడగలే. ముసలమ్మనే మొదలు పెట్టింది, నన్నేదో న్యాయం చెప్పమన్నట్టు. "మీ పాహిలం నాహి బాయి. సూడలేదు గద నేను. నాకు గప్పుడు కుంకుమ ఉండె. అటు తిరిగిన. గాజుల సప్పుడు ఇన్న, పుస్తె కట్టుండ్రి అన్న మాట ఇన్న. సూసినవా అని అడిగిండ్రు. దేవుని మీద ఒట్టేపిచ్చి అడిగిండ్రు. సూడనిది సూసిన అని ఎట్ల చెప్పాలె?" కండ్లు తుడుసుకుంట చెప్పింది. ఆమెను ఏమనాలె? అబద్ధం చెప్పలే గద.

అసలు దెబ్బ అది గాదు. అదే దినం, ఆఖరికి నోటీసంది వచ్చిన ఆయినను గూడ బోను ఎక్కిచ్చిండ్రట. ప్రమాణం చేసి చెప్పిండట: "ఈమె నా పెండ్లాం కాదు. మా అవ్వకు సేవ చేసుటానికి పెట్టుకున్న పనిమనిషి."

ఆమె ఆ మాట నాకు చెప్పెటప్పుడు బస్సు గుంతలల్ల ఎగురుతున్నది. రాడ్డు గూడ పట్టుకోలే. "పనిమనిషినట చెల్లె. పనిమనిషినైతె జీతమేది? ఇన్నేండ్ల జీతమేది?" అని అందర్ని సూసుకుంట అడిగింది, బస్సుల ఉన్నోళ్లు బాకీ ఉన్నట్టు. నేను చెయ్యి పట్టి గుంజి కూసోబెట్టిన. మల్ల లేసింది. ముసలమ్మను వాళ్ల ఊళ్లె దింపి, బస్సు పోయేదాక రోడ్డు మీద నిలవడి, అదే రోడ్డున ఎనుకకు నడుసుకుంట పోయింది.

ఒకసారి నేనే తెగించి అన్న. "అక్కా, నీ రెక్కలున్నయి, ఇల్లున్నది. ఆ పైసలు రాకుంటె బతుకలేవా? ఎందుకీ తిరుగుడు? ఇడిసిపెట్టరాదు."

నాకెల్లి అదోలా సూసింది. కోపమనుకున్న, కాదు. "పైసల కోసమనుకుంటున్నవా నువ్వు గూడ? నాకు ఒక్క రూపాయి ఇయ్యమను. నెలకు ఒక్క రూపాయి. గని పెండ్లామని ఇయ్యాలె. ఆ ముసల్దాని పీతి ఎత్తింది కోడల్నని ఎత్తిన. ఆయిన పక్కల పండుకున్నది పెండ్లాన్నని పండుకున్న. పనిమనిషినైతె నేనేమయిన చెల్లె ఆడ? చెప్పు, ఏమయిన?"

కొన్ని మాటలు బస్సుల మాట్లాడరాదు, గని ఆమెకు బస్సే ఇల్లాయె. ఎనుకసీటు మొగోళ్లు గూడ తలలు దించుకున్నరు. భాయ్ రేడియో బందు చేసిండు.

ఆఖరిసారి సూసినప్పుడు దగ్గుతున్నది. దవాఖానకు పోరాదా అంటె, "వాయిదా దగ్గరపడ్డది, ఇంకో మనిషి ఉన్నడట, పక్కూళ్లె గాజులమ్మెటోడు, ఆనాడు గాజులు ఆయిననె తెచ్చిండట. గాజులోడు అటు తిరగడు గద, చెయ్యి సూడకుండ ఎట్ల ఏస్తడు?" అన్నది. కండ్లల్ల మెరుపు. దొరికిండా లేదా నాకు తెల్వదు. గంతట్లనె పోయింది. ఊపిరితిత్తులల్ల పత్తి దుమ్ము పేరుకున్నదట, మిల్లోళ్లు చెప్పిండ్రు. మనిషి పోయినంక మనోవర్తి ఎవలికియ్యాలె? కేసు మూసేసిండ్రట.

నేను గూడ మూసేసుకుందామనే అనుకున్న. తలుపు కాడ ఎవలన్న నిలవడితె మాత్రం, "లోపటికి రాండ్రి" అని గట్టిగ అరుస్తుంటి. భాయ్ అద్దంల నన్ను సూస్తుండె.

కొన్ని నెలలైంది. అవుతలి ఊళ్లె ఆ సాక్ష్యం చెప్పిన ముసలమ్మ ఎక్కింది. ఎంబడి ఒక మొగమనిషి, తెల్ల టోపి, మెడల తువ్వాల, ఇస్త్రి అంగి. "ఏడికవ్వా?" అని నేను పలకరిచ్చిన. ముసలమ్మ నేల సూపులు సూసింది. ఆయిననే చెప్పిండు, తెలుగు మంచిగనే వస్తది. "భైంసాకమ్మా. వకీలు కాడికి. నా పెండ్లాం పోయింది, పిల్లల్లేరు, ఆమె ఇల్లు నాకే రావాలె గద. వాళ్ల చెల్లె ఇడుస్తలేదు."

నాకు ముందుగాల ఎక్కలే. ఎక్కినంక టికెట్ కొట్టుడు ఆపిన.

"ఎవలు పోయింది?" అన్న.

"నా పెండ్లాం."

"ఏ పెండ్లాం?"

"మారుమనువు చేసుకున్నామె. మిల్లుల పనిచేసేది. నువ్వు సూసే ఉంటవు, గీ బస్సులనే తిరిగేదట. ఇగో ఈ అవ్వ గూడ పెండ్లి సూసింది. గప్పుడు గాబరల మరిచిపోయిందట, ఇప్పుడు యాదికొచ్చిందట." ముసలమ్మ కిటికి దిక్కు తిరిగింది. ఆయిన ఇంకా జర ముందుకొంగి, మెత్తగ అన్నడు. "నువ్వు గూడ ఒక మాట చెప్పరాదమ్మా? మా ఊరికి ఎన్నిసార్లు వచ్చిందో నీకే ఎరుక. మొగడు కాకపోతె అన్నిసార్లు ఎందుకొస్తది? పెద్ద ముచ్చటేం లేదు, నా పెండ్లామని ఒక్క మాట చెప్తె చాలు."

"ఆ ఒక్క మాట నువ్వు అంటవేమోనని గదరా అది సచ్చేదాక తిరిగింది!" అన్న. రా అని ఎట్ల వచ్చిందో నాకే తెల్వదు, నా తండ్రి వయసాయినను. భాయ్ బండి పక్కకు తీసి ఆపి, "క్యా హువా?" అని లేసి వచ్చిండు. "ఆమె మొగడట భాయ్. ఇయ్యాల ఒప్పుకున్నడు" అన్న. భాయ్ ఆయినను కాళ్ల కెల్లి తల దాక సూసిండు. మల్ల పోయి సీట్ల కూసున్నడు. నేను టికెట్ కొట్టి ఇచ్చిన. ఏం చేస్త, పైసలిచ్చినోన్ని దింపరాదు గద.

ఆ మాపే ఆమె చెల్లె కాడికి పోయిన. అడుగుతె మిల్లోళ్లు ఇల్లు సూపిచ్చిండ్రు. రేకుల ఇల్లు, ముంగట కల్లాపి సల్లి ఉన్నది. బస్సుల అయిన ముచ్చటంత చెప్పిన. "ఊకోవద్దు, కోర్టుల వాడు పనిమనిషి అన్న మాట ఉన్నది గద, దాన్ని పట్టుకో" అన్న, పెద్ద తెలివిమంతురాలి లెక్క.

"వకీలు గూడ గదే చెప్పిండక్కా" అన్నది చెల్లె. "ఆమె పెండ్లాం కాదని వాడే ప్రమాణం చేసిండు, ఇప్పుడు మాట మార్చరాదట. గని నన్ను గూడ బోనెక్కిస్తరట. నేను గూడ కాదు అనాలెనట. వాని పెండ్లామని నేనొప్పుకుంటె ఇల్లు వానికే పోతదట." ఆమె చేతులు వొళ్లె పెట్టుకొని పిసుకుతున్నది. "బతికున్నప్పుడు పెండ్లామని తేలితె అన్నం దొరుకుతుండె. ఇప్పుడు పెండ్లాం కాదంటెనే ఇల్లు ఉంటదట. ఇదేం చట్టమక్కా?"

చట్టం సంగతి నాకేం ఎరుక, నాకెరుకైందల్ల ఆమెకేం కావాల్నో గదే. ఇల్లు పోతె ఈ పిల్ల రోడ్డు మీద పడుతది. ఇల్లు ఉండాలంటె అక్క ఏ మాట కోసం కాళ్లరిగేటట్టు తిరిగిందో, ఆ మాటను చెల్లె నోటితోనే కొట్టెయ్యాలె. ఆ రాత్రి ఇంటికొచ్చి మా ఆయినతోని ఉత్త పుణ్యానికే కొట్లాడిన.

వాయిదా నాడు సెలవు పెట్టి పోయిన. చెల్లె బోన్ల నిలవడ్డది. ఎనుక బెంచి మీద నేను, ముంగట బెంచి మీద వాడు. వాని వకీలు లేసి, "చనిపోయిన మీ అక్క ఈయన భార్యనే కదమ్మా?" అని అడిగిండు. జడ్జి, "చెప్పమ్మా" అన్నడు. చెల్లె నాకెల్లి సూసింది. నేను తల ఊపలే, అడ్డంగ గూడ ఊపలే. నాతోని కాలే.

"కాదు సార్" అన్నది.

"గట్టిగ చెప్పమ్మా, ఇనవడుతలేదు."

"కాదు. మా అక్క ఆయిన పెండ్లాం కాదు."

టక టక టైపు కొట్టుకున్నరు. ఇంకేవో అడిగిండ్రు, ఆమె ఏమో చెప్పింది. నాకు ఒక్కటి గూడ చెవికెక్కలే.

బయటికొచ్చినంక వకీలు నవ్వుకుంట, ఇల్లెటు పోదమ్మా ఇగ, ఫికర్ చెయ్యకు అని చెప్పి పోయిండు. చెల్లె నా చెయ్యి పట్టుకున్నది. కోర్టు మెట్లు దిగేదాక ఇడువలే.

"మా అక్క ఇంటె నన్ను సంపుతుండె" అన్నది.

"అవు," అన్న. "సంపుతుండె."